సద్దు ముందు, బొమ్మ తర్వాత

మా వీధిలో ప్రతి గోలూ రెండుసార్లు పడేది. ముందు ఎదుటి కొట్టులో, తర్వాత మా కొట్టులో.

ఎదుటిది పెద్ద బీర్ స్టేషన్. అద్దాల తలుపులు, గోడకు రెండు టీవీలు, ఇంగ్లీషు వ్యాఖ్యానం. వాళ్ళు లైసెన్సు తీసుకుని, నెలనెలా చందా కట్టి ఆ బొమ్మ తెప్పించుకునేవారు. మాది యాంగోన్ బోటాటౌంగ్‌లో రేవుకు దగ్గరి సందులో, ఆరంతస్తుల పాత మేడ కింది గది. ప్లాస్టిక్ స్టూళ్ళు, పీపా బీరు, వేయించిన పల్లీలు, వెనకవైపు నా పొయ్యి. మా టీవీకి బొమ్మ పక్క దేశం నుంచి వచ్చేది. సరిహద్దు నుంచి లారీ డ్రైవర్లు తెచ్చి ఇచ్చే చవక కార్డు ఒకటి, డాబా మీద ఒక డిష్షు, అంతే మా వైభవం. వ్యాఖ్యానమంతా థాయ్‌లో. ఆ బొమ్మ ఏ ఆకాశాలు చుట్టి వచ్చేదో గాని, ఎదుటివాళ్ళ బొమ్మ కంటే ఒక గుటకంత వెనకబడి వచ్చేది. గుటక అంటే బీరు గుటకే. మా కొట్టులో ఆలస్యాన్ని అలాగే కొలిచేవారు.

మా టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యనే ఉండేది. ఎవడో తీరిగ్గా దాన్ని పక్కవాడికి తోస్తుండేవాడు. అంతలో వీధి అవతల ఒక్కసారిగా హోరు, కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. మావాళ్ళకు అర్థమైపోయేది. ఈ తీరిక ఇంకెంతోసేపు ఉండదని, ఆ బంతి కాసేపట్లో వలలో ఉంటుందని. ఎవరి కాలి నుంచి వెళ్తుందన్నదే ఇక చూడాలి.

దీనికి మా నాన్న ఒక నియమం పెట్టాడు. ఎదుటి కొట్టు కేక మా కొట్టులో ఎవరికీ వినబడకూడదు. వినబడినా వినబడనట్టే ఉండాలి. గ్లాసు ఎత్తినవాడు గ్లాసు ఎత్తినట్టే ఉండాలి, పల్లీ నములుతున్నవాడు నములుతూనే ఉండాలి. ముందే నవ్వినవాడు, పక్కవాడి తొడ మీద చరిచినవాడు లేచి వీధిలోకి వెళ్ళి వానలో నిలబడాలి. రేవు కూలీలు, గోడౌన్ గుమాస్తాలు, బర్మావాళ్ళు, తమిళులు, మన తెలుగువాళ్ళు, అందరూ ఈ నియమానికి కట్టుబడి ఉండేవారు. కొత్తగా వచ్చినవాడికి పాతవాడు మోచేత్తో పొడిచి చెప్పేవాడు.

మా బొమ్మలో గోలు పడగానే మాత్రం అందరూ ఏమీ ఎరగనివాళ్ళలా లేచి కేకలు పెట్టేవారు. అది దొంగ కేక కాదు, గొంతు బొంగురుపోయే కేక. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తెలిసిన గోలుకు ఈ గంతులేమిటని గరిటె పట్టుకుని వచ్చి ఒకసారి అడిగేశాను.

"తెలిస్తే ఏటే? రేపు పండగని ముందే తెల్సినాదని కొత్త బట్టలు కట్టడం మానేస్తామా?" అన్నాడు నాన్న, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. వంట నాది, నోరూ నాదే. నా నోటికి జడిసే ఎవరూ పెళ్ళిమాట ఎత్తడం లేదని తమ్ముడు ఏడిపించేవాడు. వాడు నాకంటే అయిదేళ్ళు చిన్న. వాడే లేకపోతే మా కొట్టుకు బొమ్మే లేదు.

ఎందుకో చెప్పాలంటే తాడు సంగతి చెప్పాలి. రంగంలో (యాంగోన్‌ను మావాళ్ళు ఇప్పటికీ రంగమనే అంటారు) మెట్లెక్కే ఓపిక ఎవరికీ ఉండదు. ప్రతి బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. పై కొసకు చిన్న గంట, కింది కొసకు క్లిప్పు. పేపరు తెచ్చినవాడు పేపరును క్లిప్పుకు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఇంటామె వచ్చి తాడును పైకి లాక్కుంటుంది. మా కాపురం ఆరో అంతస్తులో, అద్దె తక్కువని. మా బాల్కనీకి సరిగ్గా పైన, డాబా అంచున డిష్షు. గాలివాన వచ్చినప్పుడల్లా అది ఒక పక్కకు తిరిగిపోయేది, కింద టీవీ నిండా చీమలు పాకేవి.

అప్పుడు తమ్ముడు డాబా ఎక్కేవాడు. నాన్న టీవీ ముందు నిలబడేవాడు. నేను వీధిలో తాడు పట్టుకునేదాన్ని. ఒకసారి లాగితే డిష్షును నది వైపు తిప్పమని. రెండుసార్లు లాగితే రైల్వే స్టేషన్ వైపు. మూడుసార్లు లాగితే బొమ్మ వచ్చిందని. నేను మూడుసార్లు లాగడంలో ఒక తీరు ఉండేది. రెండు గబగబా, మూడోది కాస్త ఆగి. బొమ్మ నిజంగా నిలబడిందో లేదోనని మధ్యలో ఒకసారి లోపలికి తొంగిచూడటం నా అలవాటు. "నీ మూడో గంట కోసం ఎదురుచూసి ఎదురుచూసి నాకు మెడ పట్టేస్తంది అప్పా" అనేవాడు తమ్ముడు. అప్ప అంటే మావాళ్ళలో అక్క.

అమ్మ డిష్షును మూకుడనేది. మీ మూకుడు మళ్ళీ తిరిగిపోనాదా అని అడిగేది. అమ్మకు ఆ కొట్టంటే గిట్టదు. మాది మింగళ తౌంగ్‌న్యున్‌లో ఉన్న తెలుగు బాప్టిస్టు సంఘం. మా ముత్తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చి, ఇక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. బీరు పోసే చోట కాలు పెట్టనని నాన్న కొట్టు తెరిచిన రోజునే అమ్మ దేవుడికి మాటిచ్చింది. ఆ మాట మీదే ఉంది. కొట్టు సంపాదనతోనే ఇల్లు నడుస్తున్నా, పక్కమెట్ల మీదుగా దిగి, కొట్టు వైపు తల తిప్పకుండా బజారుకు వెళ్ళి వచ్చేది. ఒక్క ఆటా చూడలేదు. కాని గంట భాష మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు. పైన కూరగాయలు తరుగుతూ, మూడో గంట మోగగానే "బొమ్మొచ్చింది" అని తనలో తను అనుకుని, డాబా దిగి వచ్చే కొడుక్కి టీ వేడిచేసేది.

ఆ శనివారం సాయంత్రాలు ఇప్పుడు తలుచుకుంటే నిద్రలో చూసినట్టే ఉంటాయి. వాన వెలిసి వీధి తడిగా మెరుస్తూ ఉండేది. టీవీలోని పచ్చిక రంగు మా గోడల మీదికి, మనుషుల ముఖాల మీదికి పాకేది. అందరూ కాస్త పచ్చగా, నీళ్ళలో ఉన్నట్టు కనిపించేవారు. నది మీద అవతలి ఒడ్డు దలాకు వెళ్ళే పడవ కూత ఒకటి వినబడేది. థాయ్ వ్యాఖ్యాత గొంతు ఆగకుండా సాగుతూ ఉండేది. మాలో ఒక్కరికీ ఆ భాష రాదు. నాన్నకు వచ్చని అందరూ నమ్మేవారు. వ్యాఖ్యాత ఏదో పొడుగ్గా చెప్పి ఆగగానే ఎవరో ఒకరు "ఏమంటున్నాడు, ఊలే?" అని అడిగేవారు. ఊలే అంటే బర్మాలో బాబాయి.

నాన్న కాస్త ఆలోచించి, గోలు కాసే గోలీకి వాళ్ళమ్మ దగ్గర్నుంచి నెల రోజులుగా కబురు లేదట అనేవాడు. ఆ నల్ల కుర్రాడికి కొత్త బూట్లు కరుస్తున్నాయట. అంతా కల్పనే. కాని మా కొట్టులో ఆ ఆటగాళ్ళందరికీ ఒక్కొక్క సంసారం ఉండేది, కష్టాలుండేవి. గోలీ బంతి వదిలేస్తే ఎవరూ తిట్టేవారు కాదు, పాపం వాళ్ళమ్మ గుర్తొచ్చి ఉంటుందనుకునేవారు. మరో ఊళ్ళో, మరో టీవీలో అదే ఆట చూసినవాళ్ళకు ఈ సంగతులేవీ తెలియవని నాకు ఇప్పటికీ కాస్త గర్వమే.

ఆ ఏడాది వానల్లో సైనిక ప్రభుత్వం డీజిలు ధర పెంచింది. బస్సెక్కే మనుషులు నడవడం మొదలుపెట్టారు. తర్వాత దానికి నిరసనగా భిక్షువులు వీధుల్లోకి వచ్చారు. చెప్పులు లేని కాళ్ళతో, వానలో, వరసలు వరసలుగా. వాళ్ళు కనబడకముందే వాళ్ళ జపం సందులోకి వచ్చేది. మా కొట్టులో గ్లాసులు బల్ల మీద పెట్టి అందరూ లేచి నిలబడేవారు. వరస వెళ్ళిపోయాక కూడా ఆ జపం గోడలకు అంటుకుని కాసేపు ఉండేది.

వరసలకు రెండు పక్కలా మామూలు జనం చేతులు పట్టుకుని గొలుసులా నడిచేవారు, సైనికులు భిక్షువుల మీద చెయ్యి వెయ్యకుండా. మా తమ్ముడు రెండో రోజునే ఆ గొలుసులో చేరాడు. వాడికి ఇష్టమైన జట్టు ఎర్ర బనీను వేసుకుని వెళ్ళేవాడు. ఊళ్ళో సగం మంది కుర్రాళ్ళవి అవే బనీన్లు. నాకు భయమేస్తే కోపంగా బయటికొస్తుంది, అది నా తత్వం.

"డాబా మీద మూకుడు తిప్పుకునేవాడివి, నీకెందుకురా ఊరేగింపులు?" అని మెట్ల దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

"చెయ్యి పట్టుకుని నడుస్తన్నానప్పా, అంతే. పక్కనున్నాయన చెయ్యి పట్టుకోమని అడిగినాడు. వొద్దంటే బాగుంటాదా?"

అమ్మ లోపల్నుంచి అంది. "మనం సర్చి వోలం. ఆలు బుద్దుడి వోలు. నీకేటి పని నాన్నా?"

"ఆలు దీవెన సదువుతున్నారమ్మా. దీవెనకి కూడా సర్చీ గుడీ ఏటి?"

అమ్మ సూదీ దారం తెచ్చింది. వాడి బనీను భుజం దగ్గర చిరిగితే కూర్చోబెట్టి కుట్టింది. కుట్టు పూర్తయ్యేదాకా వాడు కదలకుండా కూర్చున్నాడు.

మరునాడు వాడు మళ్ళీ వెళ్ళాడు. మధ్యాహ్నం కొట్టులో అయిదారుగురే ఉన్నారు. టీవీలో పాత ఆట మళ్ళీ వేస్తున్నారు. తలుపు సగం దించి ఉంది. అప్పుడు నగరం మధ్య నుంచి ఆ చప్పుడు వచ్చింది. ఎండు వెదుర్లు వరసగా విరుస్తున్నట్టు. ఆగి, మళ్ళీ.

మా కొట్టులో ఎవరూ కదలలేదు. గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. పల్లీ నములుతున్నవాడు నములుతూనే ఉన్నాడు. అందరి కళ్ళూ టీవీలో బంతి మీదే ఉన్నాయి. నాన్న అదే గ్లాసును తుడిచిందే తుడిచాడు. అంత బాగా నేర్చుకున్నాం ఆ నియమాన్ని. నేను పొయ్యి దగ్గర నిలబడి చూస్తున్నాను, అరవాలనుంది. నా నోరు నాకు పనికిరాకుండా పోయింది ఆ ఒక్కరోజే.

బొమ్మ సాయంత్రానికి వచ్చింది. నాన్న ఆట తీసేసి, అదే డిష్షులో వచ్చే విదేశీ వార్తలు పెట్టాడు. మన ప్రభుత్వ టీవీలో అప్పుడు ఎవరో మంత్రి వంతెన ప్రారంభిస్తున్నాడు. విదేశీ టీవీలో మా ఊరు కనిపించింది. ఎవరో ఏదో కిటికీ చాటు నుంచి తీసినది, వణుకుతూ ఉంది. తడి రోడ్డు, విడిచిపోయిన చెప్పులు, పొగ. జనం పరిగెడుతున్నారు. వాళ్ళలో ఒక ఎర్ర బనీను. వీపు మాత్రమే కనిపిస్తుంది. అతను మూల వైపు పరిగెడతాడు, మూల తిరగబోతాడు, అక్కడితో బొమ్మ తెగిపోతుంది.

తమ్ముడు ఆ రోజు ఇంటికి రాలేదు.

తర్వాత రోజులు ఎలా గడిచాయో వరస గుర్తులేదు, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కర్ఫ్యూ పెట్టారు. సందు చివరి ఇంటర్నెట్ కొట్టుకు తాళం పడింది. ఫోనున్న ఇళ్ళలో ఫోన్లు మూగబోయాయి. నాన్న పెద్దాసుపత్రికి వెళ్ళాడు. అక్కడ వాడు లేడు. పట్టుకెళ్ళినవాళ్ళను ఉంచారని అందరూ చెప్పుకునే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పేరైనా అడగకుండా పంపేశారు. వాడితో చెయ్యి పట్టుకుని నడిచినవాళ్ళెవరో మాకు తెలియదు, వాళ్ళకూ మేం తెలియదు. లోకం మా సందంత అయిపోయింది. అందులోకి బయటినుంచి వచ్చేది ఆ డిష్షు బొమ్మ ఒక్కటే.

ఆ టీవీవాళ్ళ దగ్గర వేరే బొమ్మ లేనట్టుంది. అదే ముక్క మళ్ళీ మళ్ళీ వేసేవారు. నేను పొయ్యి వదిలేసి వచ్చి నిలబడేదాన్ని. ఎర్ర బనీను పరిగెడుతుంది, మూల తిరగబోతుంది, తెగిపోతుంది. ఈసారైనా రవ్వంత ఎక్కువ వేస్తారేమోనని చూసేదాన్ని. మూల తిరిగితే చాలు. భుజం దగ్గర అమ్మ కుట్టు కనిపిస్తుందేమోనని వెతికేదాన్ని. ఆ వణుకులో ఏం కనిపిస్తుంది. చూడగా చూడగా ఆ మూల నాకు కలల్లోకి వచ్చేసింది. కలలో కూడా అతను మూల తిరిగేవాడు కాదు.

అన్నానికి పైకి వెళ్తే అమ్మ అడిగేది. "బొమ్మలో ఏటున్నాది?"

"పరిగెడతన్నాడమ్మా."

"పడిపోనేదు గదా?"

"నేదు."

"అయితే సరే, తిను."

ఒకరోజు నేనే విసుక్కున్నాను. అంత ఆరాటంగా ఉంటే నువ్వే కిందికొచ్చి చూడరాదా, వాడో కాదో నీకైతే వీపు చూసినా తెలుస్తుంది కదా అన్నాను. అమ్మ అన్నం కలుపుతూ కూర్చుంది.

"దేవుడికి మాటిచ్చినాను గదే. ఇప్పుడు గాని మాట తప్పితే గుంటడికి ఏటైనా అయిపోతాదేమో. నాను దిగను" అంది.

అప్పటికి నాకు తెలిసింది, ఆమె మమ్మల్ని చూసి మూతి ముడుచుకుని పైన కూర్చోలేదని. తను ఒక్క మెట్టు దిగితే కొడుకు పడిపోతాడన్నట్టు బిగబట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి ఆమెను కిందికి రమ్మనలేదు.

కొన్నాళ్ళకు, వీధిలో ఎవరేం చేస్తున్నారో పైకి చేరవేసే వార్డు ఆఫీసు మనిషి వచ్చాడు. నాన్న పోసిన బీరు తాగాడు. ఇక్కడ ఆటలే చూస్తారా, ఇంకేమైనా చూస్తారా అని అడిగాడు. ఆటలే అన్నాడు నాన్న. మీ అబ్బాయి కనబడటం లేదేం అన్నాడు. చర్చి పనిమీద మౌల్‌మేన్ చుట్టాల దగ్గరికి వెళ్ళాడన్నాడు నాన్న. ఆ మనిషి డాబా వైపు ఒకసారి చూసి, గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. అంతకు మించి ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా.

ఆ సాయంత్రమే నాన్న డాబా ఎక్కి డిష్షు విప్పేశాడు. దాన్ని దుప్పట్లో చుట్టి మంచం కింద తోశాడు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "ఆ ఒక్క పరుగూ ఆపేశావు నాన్నా" అన్నాను. నాన్న మంచం మీద కూర్చున్నాడు. ఆయన చేతులు తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. కడుక్కోమని చెంబు అందించింది అమ్మ.

టీవీ నల్లగా ఉండిపోయింది. కొత్తవాళ్ళు రావడం మానేశారు. పాతవాళ్ళు నలుగురైదుగురు మాత్రం అలవాటు కొద్దీ వచ్చి ఆ నల్ల టీవీ ముందే కూర్చునేవారు. ఎదుటి కొట్టుకు లైసెన్సుంది, వాళ్ళ టీవీలు నడుస్తూనే ఉన్నాయి. కర్ఫ్యూకు ముందు అయిపోయే ఆటలు, పొద్దున మళ్ళీ వేసే ఆటలు. అక్కడ గోలు పడితే హోరు వచ్చేది. మావాళ్ళు మాత్రం గ్లాసు ఎత్తినట్టే ఉంచి, వినబడనట్టే ఉండి, గుటకసేపు ఆగేవారు. తర్వాత రావలసినది రాదు. నిట్టూర్చి తాగేసేవారు. ఇక్కడ బొమ్మ లేకపోయినా ఎవరూ లేచి ఎదుటి కొట్టుకు వెళ్ళలేదు. అందుకు వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వానలు వెనకబట్టాయి. ఒక పొద్దున నేను పైన బియ్యంలో రాళ్ళేరుతున్నాను. అమ్మ ఆరేసిన బట్టలు మడత పెడుతోంది. గంట మోగింది.

రెండు గబగబా. కాస్త ఆగి, మూడోది.

చేట నా ఒళ్ళో అలాగే ఉండిపోయింది. డాబా మీద డిష్షు లేదు. కింద టీవీలో బొమ్మ లేదు. ఆ తాడును ఆ తీరున లాగేదాన్ని నేనొక్కదాన్నే, నేను ఇక్కడ కూర్చుని ఉన్నాను. మధ్యలో ఆ ఆగడం ఎంతసేపో ఈ లోకంలో ఇంకొక్కడికే తెలుసు, మెడ పట్టేసేలా దానికోసం ఎదురుచూసినవాడికి.

బాల్కనీలోకి పరిగెత్తి కిందికి చూశాను. నెత్తిన చేపల గంపతో ఒకామె నిలబడి ఉంది. చెంపల నిండా తనకా చెక్క గంధం పూత. దలా నుంచి పొద్దున పడవలో వచ్చే బేరగత్తెల్లో ఒకతె, ఎన్నడూ చూసిన ముఖం కాదు. ఆమె తలెత్తి నన్ను చూసింది. చెయ్యి తాడు మీది నుంచి తీసి, గంప సర్దుకుని, ఏమీ ఎరగనట్టు చేపలని కేక వేసుకుంటూ మలుపు దాటి వెళ్ళిపోయింది. క్లిప్పుకు ఏమీ తగిలించలేదు. నేను తాడు పైకి లాగి చూశాను కూడా.

ఏమిటిదని తిరిగి అమ్మను అడగబోయాను. అమ్మ మడత పెట్టిన లుంగీని గుండెకు పట్టుకుని నిలబడి ఉంది. వాడిదే ఆ లుంగీ.

"సద్దొచ్చేసినాది గదే" అంది. "మనకి సద్దే ముందొస్తాది. బొమ్మ ఎనకాల అదే వస్తాది."

నేను ఏడ్చాను. ఇన్ని రోజులూ ఏడవలేదు, కోపంతోనే నెట్టుకొచ్చాను. అమ్మ నన్ను ఏడవనిచ్చి, లుంగీ మడత మీద మడత పెట్టి పెట్టెలో ఉంచి, మెట్లు దిగడం మొదలుపెట్టింది. నేను వెనకే వెళ్ళాను. ఆరంతస్తులూ దిగి, పక్కదారిన బయటికి వెళ్ళకుండా, నేరుగా కొట్టులోకి వచ్చింది. నాన్న చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కొట్టులో ఉన్న ఇద్దరు రేవు కూలీలు తమ గ్లాసుల్ని బల్ల కింద దాచారు.

అమ్మ చుట్టూ చూసింది. ఇన్నేళ్ళుగా తన ఇల్లు నడిపిన గదిని మొదటిసారి చూస్తోంది. తర్వాత నాన్నతో అంది. "ఆ మూకుడు ఎక్కించు."

"వార్డువోడు..."

"ఒస్తే నాను మాటాడతాను. ఎక్కించు."

"నీ మాటో మరి?" అన్నాడు నాన్న నెమ్మదిగా.

"ఆడు పడిపోకుండా ఉండాలని పట్టుకున్నాను. పడిపోనేదు. ఇంక దేవుడూ నానూ సూసుకుంటాం" అంది అమ్మ.

నాన్న దుప్పటి విప్పాడు. తమ్ముడు లేడు కాబట్టి నేనే డాబా ఎక్కాను. నాన్న టీవీ ముందు నిలబడ్డాడు. తాడు అమ్మ పట్టుకుంది. పైన గాలి, నది మీద ఎండ, అవతల దలా ఒడ్డు పల్చగా ఒక గీతలా కనిపిస్తోంది. ఆ గీతలో ఎక్కడో వాడున్నాడనుకుంటూ డిష్షు పట్టుకుని నిలబడ్డాను. గంట ఒకసారి మోగింది. నది వైపు తిప్పాను. మళ్ళీ ఒకటి. ఇంకాస్త తిప్పాను. తర్వాత మూడుసార్లు, మధ్యలో ఏ ఆగడమూ లేకుండా, టకటకా. అమ్మ తొంగిచూసే రకం కాదు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు అమ్మ కొట్టులోనే కూర్చునేది. గుమ్మం పక్క స్టూలు మీద, టీవీకి వీపు పెట్టి, వీధి మలుపు వైపు ముఖం పెట్టి. మొదటి వారం ఎవరూ ఆమె ముందు తాగలేకపోయారు, టీ అడిగి ఇబ్బంది పడ్డారు. తర్వాత అలవాటు పడ్డారు. నాన్న నియమాన్ని నాన్న కంటే గట్టిగా నడిపింది అమ్మే. ఎదుట హోరు రాగానే కొట్టంతా ఒకసారి కలయజూసేది, ఎవడు నవ్వుతాడోనని. వార్డు మనిషి మళ్ళీ వచ్చాడు. అమ్మ అతనికి వేడి గారెలు పెట్టి, కొడుకు ఆరోగ్యం బాగుండాలని ప్రార్థన చెయ్యమని అడిగింది. అతను గారెలు తిని వెళ్ళిపోయాడు.

ఆ గారెల పిండి రుబ్బింది నేనే, అది వేరే సంగతి.

ఒక వానాకాలం వచ్చింది, వెళ్ళింది. చేపలామె మళ్ళీ కనిపించలేదు. నాకు అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. ఆమె ఊరికే లాగిందేమో, ఆ ఆగడం గంప జారితే ఆగడమేమోనని. అమ్మతో అంటే "బొమ్మకి ఆలీసం అవుతాది, మనకి కొత్తేటి?" అనేది.

ఒక శనివారం సాయంత్రం కొట్టు నిండుగా ఉంది. ఆట చప్పగా సాగుతోంది, ఎటువైపూ గోలు లేదు. ఎదుటి కొట్టులోనూ సద్దు లేదు. వ్యాఖ్యాత ఏదో పొడుగ్గా చెబుతున్నాడు, నాన్న ఎవరికో కొత్త జబ్బు అంటగడుతున్నాడు. నేను పొయ్యి మీద చేప తిరగేస్తున్నాను. అప్పుడు అమ్మ కేక వేసింది.

మా అమ్మ చర్చిలో పాటకు కూడా గొంతెత్తని మనిషి. ఆ కేకకు స్టూళ్ళు వెనక్కి జరిగాయి, ఎవరిదో గ్లాసు దొర్లింది. అట్లకాడతో సహా నేను బయటికి పరిగెత్తాను. వీధి మలుపు దగ్గర, నల్లబడి, చిక్కిపోయి, భుజాన సంచితో వాడు వస్తున్నాడు. మూల తిరిగి వస్తున్నాడు. దలాలో వలల మధ్య, ఆపైన ఇంకా కిందికి ఉప్పుమళ్ళలో ఏడాదికి పైగా దాక్కుని బతికానని తర్వాత చెప్పాడు. అమ్మ అప్పటికే స్టూలు తన్నేసి వీధి మధ్యలో ఉంది. కొట్టులో ఉన్నవాళ్ళంతా లేచి, ఎందుకో సగం మందికి తెలియకుండానే, గొంతులు బొంగురుపోయేలా అరుస్తున్నారు.

ఎదుటి కొట్టు అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. వాళ్ళంతా గ్లాసులతోనే గుమ్మంలోకి వచ్చి, వాళ్ళ టీవీలో ఇంకా పడని గోలు మాకెలా పడిందా అని తెల్లబోయి చూస్తున్నారు. మా వీధిలో కేక మా కొట్టు నుంచి ముందు వెళ్ళింది ఆ ఒక్కసారే.